వాన నీటి జమాఖర్చు

కడప జిల్లాలోని పోరుమామిళ్ళయందు ఒక పెద్ద చెరువు కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. అచటి శాసనము క్రీ. శ. 1369వ సంవత్సరము నాటిది. వేయిమంది కూలివారు రెండు సంవత్సరములు పనిచేసిరనియు, కట్టకు రాయి తోలుటకు నూరు బండ్లు నడిచెననియు ఆ శాసనము తెలుపుచున్నది. అంతటితో ఊరకొనక, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు కలుగగల ఆరు దోషములను కూడ అది వివరించినది. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము; నేల చౌడగుట ఒకటి; చెరువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట ఒకటి; చెరువు నడుమ మెరక లేచియుండుట ఒకటి; నీరు కొంచెమై తడుపవలసిన నేల విస్తారమగుట ఒకటి; నేల కొంచెమై నీరు మితిమీరుట ఒకటి.

ఆరువందల యేబది యేండ్లకు పూర్వము చెప్పిన ఈ ఆరింటిలో మూడు దోషములు నేడు ఒక్క చెరువునకే కాక, మన వాగులకును, బావులకును, పొలములకును కూడ పట్టియున్నవి. నీటికి మించిన సేద్యము మొదటిది. ఒక్కపెట్టున మితిమీరి వచ్చు వరద రెండవది. ఎగువ ఊరికిని దిగువ ఊరికిని పొత్తు లేకుండుట మూడవది. ఈ మూడును ఒక్క రైతు తన కమతములో ఎంత కష్టించినను తీరునవి కావు. పదిమంది కలిసి చేయవలసినవి. కావుననే ఈ మాసపు పాఠమునకు ఈ విషయమును తీసికొంటిమి.

పరీవాహక ప్రాంతమననేమి?

వాన కురియుచుండగా ఊరి గుట్టపై నిలిచి చూచినయెడల, గుట్టకు ఒక వైపున పడిన నీరు ఒక వాగులోనికిని, రెండవ వైపున పడిన నీరు మరియొక వాగులోనికిని దిగుట కనబడును. ఈ విధముగా ఒక వాగులోనికి గాని చెరువులోనికి గాని వాననీరు దిగివచ్చు నేల యంతయు దానికి పరీవాహక ప్రాంతమగును. గుట్టలును, మిట్టలును దానికి ఎల్లలు. గ్రామకరణము పటమునందు గీచిన పొలిమేరలు దానికి పట్టవు. ఒకే ఊరి నేల రెండు వాగులకు దిగవచ్చును. నాలుగు ఊళ్ళ నేల ఒక్క చెరువునకే దిగవచ్చును.

చిన్న వాగుల ప్రాంతములు కలిసి పెద్ద యేటి ప్రాంతమగును. పెన్నానది కర్ణాటకమందలి నంది కొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో సముద్రమున కలియును. జయమంగళి, చిత్రావతి, కుందేరు, పాపాగ్ని, సగిలేరు, చెయ్యేరు దానికి ఉపనదులు. ఆ నదికి నీరిచ్చు నేల సుమారు 55,000 చదరపు కిలోమీటర్లు. అంత నేలను ఒక్కమారుగా చక్కబెట్టుట ఎవరి తరము? కాని ఆ నేల యంతయు మన ఊరి వాగువంటి వాగుల ప్రాంతములే. ఒక్కొక్క వాగును దానికి చెందిన ఊళ్ళు చూచుకొన్నచో నదియంతయు చూచుకొన్నట్లే యగును.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. రాయలసీమయందు ఒక చెరువు మరవ నీరు దిగువ చెరువులోనికి చేరునట్లు గొలుసుకట్టుగా చెరువులను నిర్మించిరి. చెరువు త్రవ్వించి బాగు చేయించువారికి దశబంధ ఇనాము లొసగిరి. తూము తెరచి మూసి, ప్రతి మడికిని వంతు ప్రకారము నీరు చేర్చుటకు నీరుగంటిని నియమించిరి. తెలంగాణమునందు అతనిని నీరటి యందురు. కట్ట, తూము, మరవ, నీరుగంటి, వంతు అను అయిదింటిలో మొదటి మూడు రాతిమంటి పనులు. తక్కిన రెండు మనుష్యుల నడుమ ఒడంబడికలు. కట్టడము నిలిచినను ఒడంబడిక సడలినచో చెరువు పాడగును. ఈ పాఠమునకు ఇదియే సారము.

వాన మారినది

వాన మునుపటివలె లేదని రైతులు చెప్పుకొనుట క్రొత్త కాదు. అయినను ఇప్పుడు ఆ మాటకు కొలతల బలము చేకూరినది. బొగ్గును, నూనెను మండించుటచే పుట్టిన వాయువులు భూమిని దుప్పటివలె కప్పి వేడిని పట్టియుంచుచున్నవి. 2011 మొదలు 2020 వరకు గల దశాబ్దమున భూమి సగటు వేడి, యంత్రయుగమునకు పూర్వమున్న దానికంటె సుమారు 1.1 డిగ్రీ హెచ్చినది. మన దేశమున 1901 మొదలు 2018 వరకు సుమారు 0.7 డిగ్రీ హెచ్చినది.

ఒక డిగ్రీయే కదా యని తేలికగా తలపరాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది మోయగల నీటియావిరి నూటికి ఏడు వంతులు హెచ్చును. దీనివలన రెండు ఫలములు కలుగును. వాన లేని దినములలో వేడిగాలి నేలలోని పదనును, చెరువులోని నీటిని త్వరగా పీల్చివేయును. వాన వచ్చిన దినమున మేఘము తాను మోసిన బరువునంతను ఒక్కచోట క్రుమ్మరించును. ఏడాది మొత్తపు వాన అంతే యుండవచ్చును. కాని పదునైదు దినములు నిదానముగా కురియవలసినది రెండు మూడు దినములలో కురిసి, తక్కిన దినములు ఎండుచున్నవి.

ఇటీవలి నిదర్శనములు రెండు చాలును. 2023వ సంవత్సరపు ఆగస్టు మాసమున మన దేశమున కురిసిన వాన, 1901 మొదలు అప్పటివరకు ఏ ఆగస్టునందును లేనంత తక్కువ. వేరుశనగ పూతకు వచ్చిన వేళ నేల బీటలు వారుట ఎట్టి కష్టమో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. దానికి రెండేండ్లకు ముందు, 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన, రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగెను. ఎగువ పింఛ జలాశయమునుండి వచ్చిన వరదయు దానికి తోడయ్యెను. పులపత్తూరు, మందపల్లి మొదలగు ఊళ్ళు నీటిలో కొట్టుకొనిపోయెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. పొలములపై ఇసుక మేటలు వేసెను. కరవు సీమయని పేరుబడిన చోటనే ఈ వరద వచ్చినది. కావున నేటి రైతు కరవునకును, వరదకును ఒకే సంవత్సరమున సిద్ధపడియుండవలెను.

నేలయు మారినది

వాన మారుట మన చేతిలో లేదు. అది పడిన నేల ఏ స్థితిలో నున్నదను విషయము మాత్రము మన చేతిలోనిదే. గుట్టపై చెట్టును, పొదయు, గడ్డియు నున్నప్పుడు చినుకు ఆకుపై పడి, నెమ్మదిగా జారి, వేళ్ళ వెంట నేలలోనికి దిగును. గుట్ట బోడియైనప్పుడు చినుకు నేరుగా మట్టిని కొట్టి, మెత్తని రేణువులచే నేల రంధ్రములను పూడ్చి, పైన నొక పెచ్చును కట్టించును. అటుపై పడిన నీరు లోనికి దిగక పరుగెత్తును. పరుగెత్తు నీరు ఊరక పోదు, పైమన్నును తీసికొనిపోవును. ఒక అంగుళము పైమన్ను ఏర్పడుటకు కొన్ని వందల యేండ్లు పట్టును. అది పోవుటకు నాలుగు పెద్ద వానలు చాలును.

ఆ మన్ను పోయి ఎచట చేరును? చెరువులో చేరును. ఎగువ రైతు కోల్పోయిన సారమే దిగువ రైతునకు పూడికయగును. చెరువు లోతు తగ్గి, నీరు కొంచెమై, వరద దినమున మరవ చాలక కట్ట తెగును. ఇదివరలో ఊరుమ్మడిగా నుండిన మేతబీళ్ళు, వాగు పోరంబోకులు ఆక్రమణలకు లోనై, వరదకు చోటు లేకుండ పోయినది. వాలునేలలను వాలువెంట దున్నుటచే ప్రతి చాలును ఒక చిన్న కాలువయై మట్టిని క్రిందికి తరలించుచున్నది.

వానను నేలలో నిలుపు క్రమము

పరీవాహక ప్రాంతమున పని ఎల్లప్పుడు మిట్టనుండి పల్లమునకు సాగవలెను. పల్లమున మొదలిడినచో ఎగువనుండి వచ్చు మట్టి మన క్రొత్త కట్టడమును రెండు మూడు వానలలో పూడ్చివేయును.

మొదట గుట్ట. అచట వాలునకు అడ్డముగా సమమట్టపు కందకములు త్రవ్వి, గట్లపై ఆ నేలకు తగిన చెట్లను నాటవలెను. వేప, కానుగ, సీతాఫలము మొదలగునవి మన గుట్టలకు అలవాటైనవి. పశువులను కొన్ని సంవత్సరములు అటు తోలకుండిన గడ్డి తనంత తానే మొలచును.

రెండవది వాలు పొలములు. వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, గట్లపై కంది గాని గడ్డి గాని పెంచుట, గట్టు తెగకుండ నీరు దాటుటకు రాతి మరవ పెట్టుట. చెరువు పూడికమన్నును ఎర్ర గరప నేలలకు తోలినచో పోయిన సారము తిరిగివచ్చును. నేలకు పదను నిలుపుకొను శక్తి హెచ్చును. అంతరపంటలును, నేలను కప్పియుంచు ఆకుచెత్తయు ఎండను, వానదెబ్బను కూడ తగ్గించును.

మూడవది వంకలు. ఎగువ చిన్న వంకలకు అడ్డముగా వదులు రాళ్ళ కట్టలు పేర్చవలెను. నీరు నిలుచుట వీనికి ముఖ్యము కాదు. నీటి వేగము తగ్గి మట్టి ఆగుట ముఖ్యము. నాలుగవది పల్లపు వాగులు. తగిన చోట్ల చెక్‌డ్యాములును, ఊటకుంటలును కట్టవలెను. చివరిది చెరువు. దాని పూడికయు, వరవకాలువయు, మరవయు, తూమును బాగుచేయవలెను.

ఈ పనులన్నియు ఇదివరకే పలు ఊళ్ళలో ప్రభుత్వ ధనముతో జరిగినవి. అయినను కొన్నిచోట్ల పదేండ్లకే బావులు తిరిగి ఎండినవి. దానికి కారణములు రెండు. రెండును శాసనమందు చెప్పిన దోషములే.

రెండూళ్ళ పొలిమేర

ఎగువ ఊరిలో కట్టిన ప్రతి కట్టయు దిగువ ఊరికి పోవలసిన నీటిలో కొంత ఆపును. కట్ట నీటిని సృష్టింపదు. దాని చోటును మాత్రము మార్చును. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో కర్నూలు జిల్లాలోని డోన్ మండలమునను (ఇప్పుడది నంద్యాల జిల్లాలోనిది), అనంతపురము జిల్లాలోని కళ్యాణదుర్గ మండలమునను నీటి లెక్కలు శ్రద్ధగా తీసిరి. ఎగువ కట్టడములును, హెచ్చిన భూగర్భజల వాడకమును కలిసి, చెరువులలోనికి చేరు నీటిని తగ్గించినవని ఆ పరిశీలనవలన తెలియవచ్చెను. ఎగువ బావులవారికి లాభము కలిగిన చోట, చెరువుక్రింద మడి చేయువారికిని, చెరువునందు పశువులకు నీరు పట్టువారికిని, చేపలు పట్టువారికిని నష్టము కలిగెను.

దీనినిబట్టి కట్టలు కట్టరాదని మేము చెప్పుటలేదు. కట్టుటకు ముందు దిగువవారిని పిలిచి మాటాడవలెనని చెప్పుచున్నాము. మన పెద్దలు గొలుసుకట్టు చెరువులలో మరవ ఎత్తును ఎవరి ఇష్టము వచ్చినట్లు వారు పెంచనీయలేదు. మరవపై ఒక్క వరుస రాయి పెంచినచో దిగువ ఊరితో తగవు వచ్చెడిది. నేటి చెక్‌డ్యామునకును ఆ నీతియే వర్తించును. తొలి వాననీరు చెరువునకు ఎంత వదలవలెనో, ఏ వంకపై కట్ట కట్టరాదో ముందుగనే వ్రాసికొన్నచో ఊళ్ళ నడుమ వైరము పుట్టదు.

నీరు కొంచెము, నేల విస్తారము

రెండవ కారణము ఇంతకంటె పెద్దది. కట్టలవలన బావిలో రెండు గజములు నీరు పైకి రాగానే, ఆ నీటిని నమ్మి పది క్రొత్త బోర్లు దిగుచున్నవి. మెట్టపైరు వేసిన చోట వరి వేయుచున్నారు. వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితముగా లభించుటచే మోటారు ఎంతసేపు ఆడినను చేతి సొమ్ము పోదు. పోవుచున్నది నేలలోని సొమ్ము. మన సీమలోని రాతినేలలో నీరు నిలుచునది పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే. నాలుగువందల అడుగుల బోరు ప్రక్కన ఆరువందల అడుగుల బోరు వేసినవాడు క్రొత్త నీటిని కనుగొనుట లేదు. తన పొరుగువాని నీటినే లోతునుండి లాగుచున్నాడు. చివరకు ఇద్దరి బోర్లును ఎండి, ఇద్దరి అప్పులును మిగులును. బోరు కొరకు చేసిన అప్పు తీరక పొలము విడిచిన కుటుంబములు మన సీమలో ఎన్ని కలవో సభ్యులెరుగుదురు.

మన సంఘమునందు ఒక సభ్యుడు నిలువకు మించి సొమ్ము తీయజూచినచో కార్యదర్శి ఒప్పుకొనడు. నేలలోని నీటికి మాత్రము చిట్టా లేదు, కార్యదర్శి లేడు. కావున ఆ చిట్టాను వ్రాయుట నేర్చుకొందము. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో సుమారు 4,047 లీటర్ల నీరగును. వేయి ఎకరముల పరీవాహక ప్రాంతము గల ఒక ఊరిని ఊహింతము. వాన అనంతపుర ప్రాంతపు సగటునకు దగ్గరగా 550 మిల్లీమీటర్లనుకొందము. రాతినేలలో వానయందు సుమారు పదవ వంతు భూగర్భమునకు దిగునని లెక్కింతము.

జమ:
మొత్తము వాననీరు: 22,260 లక్షల లీటర్లు.
అందు భూగర్భమునకు దిగునది: 2,226 లక్షల లీటర్లు.

ముందుగా తీసియుంచవలసినది:
వేయిమంది జనులకు, తలకు దినమునకు 55 లీటర్ల చొప్పున: 201 లక్షలు.
అయిదువందల పశువులకు, దినమునకు 40 లీటర్ల చొప్పున: 73 లక్షలు.
కరవు సంవత్సరమునకు నిలువ, పదవ వంతు: 223 లక్షలు.
సేద్యమునకు మిగులునది: 1,729 లక్షల లీటర్లు.

ఈ మిగులుతో ఎంత పండించవచ్చును? యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్లు కావలెననుకొన్నచో ఎకరమునకు సుమారు 48.6 లక్షల లీటర్లు పట్టును. అప్పుడు 35 ఎకరములు మాత్రమే పండును. 500 మిల్లీమీటర్లతో పండు వేరుశనగయైనచో 85 ఎకరములు పండును. 300 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొను చిరుధాన్యములు, పప్పుధాన్యములైనచో 142 ఎకరములు పండును. నీరు ఒక్కటే, దానిక్రింద నిలుచు కుటుంబముల సంఖ్య మాత్రము పైరునుబట్టి మారుచున్నది.

ఇప్పుడు ఆ ఊరిలో ముప్పది బోర్లున్నవనియు, ఒక్కొక్కదానిక్రింద రెండెకరముల వరి వేసిరనియు తలపుడు. ఖర్చు సుమారు 2,914 లక్షల లీటర్లగును. జమకు మించిన ఖర్చు 1,185 లక్షలు. మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి నేలలోనికి దిగుమాట నిజమే. అయినను ఇంత లోటును అది పూడ్చజాలదు. ఆ లోటు మొదట కరవు నిలువను తినును; పిమ్మట పశువుల నీటిని తినును; తుదకు మంచినీటిని తినును. వాన సగమైన యేట జమయు సగమో, అంతకంటె తక్కువయో యగును. అప్పుడు మొదట ఎండునది ధనవంతుని లోతు బోరు కాదు, బీదరైతు దిగుడుబావి. బిందెతో రెండు మైళ్ళు నడచునది ఆ యింటి ఆడుబిడ్డ.

ఈ లెక్కకు గొప్ప యంత్రము లక్కరలేదు. ఊరిలో ఒక వానమాపకమును పెట్టి దినదినము వ్రాసికొనవలెను. నాలుగైదు బావులను, బోర్లను ఎంచి, పదునైదు దినములకొకమారు నీటిమట్టమును తాటితో కొలువవలెను. బోరు పోయు నీటిని కొలుచుటకు 200 లీటర్ల పీపాయొకటి, గడియారమొకటి చాలును. పీపా 100 సెకండ్లలో నిండినచో ఆ బోరు గంటకు 7,200 లీటర్లు పోయుచున్నదన్నమాట.

చేసి చూపినవారు

ఇది సాధ్యమా యని కొందరడుగుదురు. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము అను ఏడు జిల్లాలలో, ఆరువందలకు పైగా పల్లెలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2010వ సంవత్సరము వరకు ఒక ప్రణాళిక జరిగినది. రైతులే వానను, నీటిమట్టమును కొలిచి, గోడలపై వ్రాసి, యాసంగికి ముందు వాగు ప్రాంతపు రైతులందరు కూడి నీటి లెక్క చూచెడివారు. ఏ పైరు వేయవలెనని ఎవరును నిర్బంధింపలేదు. లెక్క కండ్లయెదుట నున్నందున పలువురు రైతులు తమంత తామే వరి తగ్గించి తక్కువ నీటి పైరులకు మరలిరి. చదువురాని స్త్రీపురుషులు కూడ కొలతలు నేర్చిరి.

మహారాష్ట్రమున, పూర్వము అహమ్మదునగరమనబడిన జిల్లాలో, హివ్రే బజారు అను చిన్న ఊరు కలదు. అది వానచాటు సీమ. 1990వ సంవత్సరము ప్రాంతమున పోపట్‌రావు పవార్ గ్రామాధ్యక్షుడైన పిమ్మట ఆ ఊరివారు గుట్టలపై కందకములు త్రవ్వి, చెట్లు నాటి, ఊటకుంటలు కట్టిరి. అంతటితో ఆగక కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. సేద్యమునకు బోరు వేయరాదు, చెరకు, అరటివంటి నీటిపైరులు వేయరాదు, పశువులను విచ్చలవిడిగా తోలరాదు, చెట్లు నరుకరాదు. ప్రతి యేటను వాన లెక్క చూచి, మంచినీరు తీసియుంచి, తక్కినదానికి తగిన పైర్లను గ్రామసభలో నిర్ణయించుకొనిరి. వలసపోయిన కుటుంబములు తిరిగివచ్చినవి. కందకములు పలు ఊళ్ళు త్రవ్వినవి. ఈ ఊరు నిలిచినది కట్టుబాటువలన.

మూడవది హర్యానాలోని సుఖోమాజ్రి. చండీగఢ్ నగరమునకు 1958లో కట్టిన సుఖ్నా సరస్సు ఇరువది యేండ్లయినను నిండకమునుపే చాలవరకు పూడిపోయెను. ఆ మట్టి ఎగువ కొండలనుండి వచ్చుచుండెను. ఆ కొండలపై మేకలు మేపుకొను బీద పల్లెలలో సుఖోమాజ్రి ఒకటి. నేల నీటి సంరక్షణ శాస్త్రజ్ఞుడగు పి. ఆర్. మిశ్రా ఆ పల్లెవారితో కలిసి 1976లో చిన్న కట్ట కట్టించి వాననీటిని పొలములకు మళ్ళించెను. ఆ నీటిలో భూమి యున్నవానికిని, లేనివానికిని, ప్రతి యింటికిని సమానముగా భాగమిచ్చిరి. భూమి లేనివాడు తన భాగమును ఇతరునకు ఇచ్చి ప్రతిఫలము పొందవచ్చును. కావుననే మేకలవారు కూడ కొండను కాపాడుటకు ముందుకు వచ్చిరి. ముండ్లకంచె వేయకయే కొండ పచ్చబడినది.

ఈ మూడవ నిదర్శనమును మన సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. గుట్టను మూసివేయుదమని తీర్మానించుట భూమిగలవారికి సులభము. గొఱ్ఱెలు, మేకలు మేపుకొని బ్రతుకువానికి ఆ తీర్మానము పస్తునకు సమానము. వానికి గడ్డిలో, నీటిలో, కూలిలో భాగము చూపక చేసిన కట్టుబాటు ఒక్క వేసవి కూడ నిలువదు, నిలువదగినదియు కాదు. కౌలుదారునకును ఇట్లే. గట్టు వేసిన కౌలుదారుని మరుసటి యేడు పొలమునుండి తొలగించినచో వాడు గట్టు ఏల వేయును?

మన సంఘము చేయవలసినది

1. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు, మన వాగు ప్రాంతమును కాలినడకన చుట్టి చూచి, గుట్టలు, వంకలు, చెరువులు, బావులు, బోర్లు గుర్తించి ఒక పటము వ్రాయవలెను. ఆ నడకలో స్త్రీలును, పశువుల కాపరులును ఉండవలెను. నీటి జాడ వారెరిగినంతగా ఇతరు లెరుగరు.

2. ఎగువ, దిగువ ఊళ్ళ సంఘములతో కలిసి ఒక వాగు సమితిని ఏర్పరచవలెను. క్రొత్త కట్ట ఏదైనను ఆ సమితికి తెలుపకుండ కట్టరాదు.

3. వానమాపకము, పీపా, కొలతత్రాడు సంఘ ధనముతో కొని, ఇద్దరు యువకులకును, ఇద్దరు యువతులకును కొలతలు నేర్పవలెను. లెక్కలను సంఘ కార్యాలయపు గోడపై వ్రాయవలెను.

4. ప్రతి యేటను యాసంగికి ముందు నీటి జమాఖర్చు సభ జరుపవలెను. మంచినీరు, పశువుల నీరు, కరవు నిలువ తీసిన పిమ్మటనే సేద్యపు మాట ఎత్తవలెను.

5. క్రొత్త బోరునకు అప్పు ఇచ్చుటకు ముందు ఆ లెక్కను చూడవలెను. 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష చట్టము బోర్లకు అనుమతి కావలెనని చెప్పుచునే యున్నది. కాని చట్టమును ఊరు తనదిగా చేసికొననిచో అది కాగితముపైననే యుండును. ఎండిపోవు బోరునకు అప్పిచ్చిన సంఘము సభ్యునికి మేలు చేసినట్లు కాదు.

6. కొఱ్ఱ, సజ్జ, కంది, ఉలవ వేయు సభ్యులకు విత్తనము, నిలువకు గిడ్డంగి, అమ్మకమునకు తోడ్పాటు సంఘము కల్పింపవలెను. ధర లేని పైరును నీటి పేరు చెప్పి వేయుమనుట న్యాయము కాదు.

7. కట్టడముల మరామతునకు ఏటేట కొంత సొమ్మును, ఇంటికి రెండు దినముల పనిని కేటాయింపవలెను. పని చేయలేని వృద్ధులకును, రోగులకును మినహాయింపు ఉండవలెను.

వీనిలో అయిదవది అన్నిటికంటె కష్టమైనదని మేమెరుగుదుము. బోరు కావలెనని వచ్చిన తోటి సభ్యునికి లేదని చెప్పుట ఎవరికిని ఇష్టముండదు. వాని పైరు ఎండుచున్నది. వాని పిల్లలు మన పిల్లలతో ఆడుకొనుచున్నారు. కాని అందరును పల్లకి నెక్కినచో మోయువారెవ్వరు? వానికి లేదని చెప్పు దినమున, ఉన్న బావి నీటిలో వానికొక తడి ఇచ్చుటకు పొరుగువాడు సిద్ధపడియుండవలెను. ఒకనిని కాదనుటయు, వానిని ఆదుకొనుటయు కలిసియున్నప్పుడే అది సహకారమగును. బోర్లు గల కొందరు రైతులు గొట్టములు కలుపుకొని, బోర్లు లేని పొరుగువారి ఖరీఫు పైరునకు కరవు తడి నిచ్చిన ఊళ్ళు మన అనంతపుర సీమయందే కలవు.

ఆకసమునుండి ఎంత వాన పడునో, ఎప్పుడు పడునో మనము నిర్ణయింపజాలము. ఆ మార్పునకు మూలము మన పల్లెలలో లేదు. దాని కష్టము మాత్రము ముందుగా మన పల్లెలకే వచ్చుచున్నది. పడిన చినుకు గుట్టపై ఎంతసేపు నిలువవలెనో, చెరువునకు ఎంత చేరవలెనో, నేలలోనుండి ఎంత తీయవలెనో మనమే నిర్ణయింపగలము. పోరుమామిళ్ళ చెరువు ఆరువందల యేబది యేండ్లు దాటియు నేటికిని నిలిచియున్నది. మన బోర్లు పదేండ్లు నిలువకున్నవి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలందురు. బావిలో నీరుండగానే లెక్క మొదలిడుదము.